పేచీ కుంట చేపల మీద, మొదలైంది ఇంటి డ్రమ్ము దగ్గర

అనంతపురం శివారు కుంటలో దోమ పిల్లల్ని తినే గంబూషియా చేపల్ని వదలడానికి వచ్చిన ఆరోగ్య సిబ్బందికి పదిమంది పిల్లలు అడ్డం నిలబడడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. వెనకుండి ఎగదోసింది ‘చేపల మేడమే’ అన్నది వీధిలో నలుగుతున్న మాట. ఆమె మంచినీటి జీవాల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. ఆదివారాలు కుంటగట్టున ఊరి పిల్లలకు పాఠం చెబుతుంది. ఈ తగువు అర్థం కావాలంటే ముందు ఇంటి ముందరి నీళ్ల డ్రమ్ము మూత ఎత్తి చూడాలి.

మొదట్లో ఆ పాఠంతో ఎవరికీ పేచీ లేదు. టీ జల్లెడతో గడ్డి మొదళ్ల దగ్గర తోడి, తెల్ల పింగాణీ పళ్లెంలో పోసేవాళ్లు. బురద తేరుకునేదాకా ఎవరూ పళ్లెం కదపకూడదు. అప్పుడు ఒక్కొక్కటే బయటపడేవి: నత్తలు, తోకకప్పలు, రెక్కలు రాని తూనీగ పిల్లలు. తూనీగ పిల్ల తన కింది పెదవిని చెయ్యిలా ముందుకు విసిరి దోమ లార్వాను, అంటే నీళ్లలో పెరిగే దోమ పిల్లను, లాక్కుంటుంది. అది చూడడానికి పిల్లలు ఒకరి నెత్తి మీద ఒకరు పడేవాళ్లు. కుంటకు కాపలాదార్లు ముందే ఉన్నారని ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసిపోయింది.

మలుపు ఒక జ్వరాల కాలంలో వచ్చింది. ఆమె అదే పళ్లెం, అదే జల్లెడ పట్టించి పిల్లల్ని వీధిలోకి తీసుకుపోయింది. కుంటలో ఎంత తోడినా ఒకటీ అరా దొరికే లార్వాలు, ఇంటి డ్రమ్ములో ఒక్క చెంబు ముంచితే పళ్లెమంతా గిలగిల్లాడాయి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు కుంటలతో పనిలేదు. డ్రమ్ములు, తొట్లు, పాత టైర్లు, కూలర్లు చాలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు. కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చే వీధిలో డ్రమ్ము అడుగు ఎన్నడూ ఖాళీ కాదు, పాత నీళ్ల మీదే కొత్తవి పడుతుంటాయి.

ఆ రోజు ఒక పిల్లాడు ఇంటికి పోయి అమ్మ పట్టిపెట్టుకున్న డ్రమ్మును వంచేశాడు. మళ్లీ కొళాయి రావడానికి ఇంకా రెండు రోజులుంది. సాయంత్రం ఆ తల్లి ఖాళీ బిందె తెచ్చి మేడమ్ ముందు పెట్టి, దీన్ని నింపి పంపమంది. మేడమ్ దగ్గర జవాబు లేదు. తప్పు ఆమెదే. నీళ్లలో ఏముందో చూపించింది గానీ ఆ నీళ్ల విలువ ఎంతో ముందు చెప్పలేదు. తర్వాతి వారానికి సర్దుకుంది. నీళ్లను పాత పంచె గుడ్డలో వడగట్టి వేరే పాత్రలోకి పోసుకోవాలి, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి కాబట్టి డ్రమ్ము లోపల పీచుతో రుద్దాలి, మళ్లీ అవే నీళ్లు పోసి మూతికి గుడ్డ కట్టాలి. చుక్క పోదు. కానీ ‘మేడమ్ నీళ్లు పారబోయిస్తోంది’ అన్న మాట అప్పటికే పది ఇళ్లు తిరిగింది.

అప్పటి నుంచే చేపలు కావాలన్న ఒత్తిడి పెరిగింది. కుంటలో చేపలు వదిలితే ఎవరి డ్రమ్మూ కదపక్కర్లేదని వాళ్ల లెక్క మరి.

ఈ చేప ఉత్తర అమెరికాది. మన దేశానికి 1928లో ఇటలీ నుంచి తెచ్చారు. దోమ లార్వాలను తింటుంది, నిజమే. వాటితో ఆగదు, తోకకప్పల తోకలు కొరుకుతుంది, ఇతర చేపల గుడ్లూ పిల్లలూ మింగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లోనే దీన్ని సిఫారసు చేయడం మానేసింది. అత్యంత హానికరమైన 100 పరాయి జీవుల అంతర్జాతీయ జాబితాలో దీని పేరుంది. 2025 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ చేపల వాడకంపై కేంద్రాన్ని జవాబు అడిగింది.

పైనుంచి వచ్చిన చేపల్ని వదలడం తమ పని అనీ, మలేరియా దోమ నిలవ నీళ్లలోనే పెరుగుతుందనీ సిబ్బంది అంటున్నారు. రెండో మాటలో నిజముంది. అయితే శుక్రవారం డ్రై డే, నీటి పాత్రలు కడగండి అని ఊరూరా చెబుతున్నదీ ఆరోగ్య సిబ్బందే. పిల్లాడు డ్రమ్ము వంచింది ఆ లెక్కన ప్రభుత్వం మాట విన్నట్టే.

గొడవ ఏటా తిరగబెట్టడానికి కారణం కుంటలోనే ఉంది. ఎండాకాలానికి అది నెర్రెలు విచ్చుతుంది, చేపలు చస్తాయి, వానలు పడగానే మళ్లీ చేపల సంచులు వస్తాయి. మంచి వానపడి మరవ (అలుగు) పారిన ఏడు మాత్రం అవి చావవు, దిగువ చెరువుకు చేరతాయి.

ఈసారి వదలకుండా ఆపిన చేపల్ని సచివాలయం వెనక సిమెంటు తొట్టిలో పోసి ఉంచారు. గంబూషియా గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. నిన్న తొంగిచూసి వచ్చిన పిల్లలు తొట్టి అంచున కొత్తవి కనిపించాయన్నారు. సూదిమొన లాంటివి, లెక్కపెట్టబోతే చెదిరిపోయాయట.