మాటలు నడుస్తున్నాయి కదా అని నోటు గడువు ఆగదు

పోయిన నెల ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన ప్రామిసరీ నోటు, 4 లక్షలకి, వియ్యంకుడు రాసిచ్చింది. తేదీ చూసి లెక్కేశాను, 3 ఏళ్ల 11 రోజులు. తిప్పి చూస్తే వెనక ఖాళీ.

"కొంత కట్టినట్టు వెనక చెల్లు వేయించుకోలేదా మాస్టారూ?"

"సంక్రాంతికి పదివేలు చేతికిచ్చారండీ. వియ్యంకుడి చేత సంతకం ఎలా పెట్టిస్తాం, అమ్మాయి అక్కడుంది కదా."

తెనాలిలో సివిల్ కేసులు చూసే నాకు ఈ మాట కొత్త కాదు, కానీ విన్న ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: పెద్దమనుషుల్లో మాటలు నడుస్తున్నంత కాలం దావా గడువు ఆగుతుంది, దావా వేస్తే ఇక రాజీ కుదరదు.

వాస్తవం: రెండూ తప్పే. డిమాండు నోటుకి, అంటే అడగ్గానే కట్టాల్సిన నోటుకి, దావా వేయడానికి రాసిన తేదీ నుంచి 3 ఏళ్లు, అంతే. దావా గడువులు చెప్పే 1963 నాటి లిమిటేషన్ చట్టానికి మీ పంచాయితీలూ పండగ భోజనాలూ పట్టవు. గడువు లోపు బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చినా, కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టినా ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి, నోటిమాటకి మాత్రం ఒక్క రోజు కూడా రాదు. ఆ పదివేలకి రెండు లైన్లు రాయించుకునుంటే మాస్టారికి ఈ టెన్షనే లేదు. గడువు దాటి కాలదోషం పట్టిన నోటుతో రాజీకి కూర్చుంటే అవతలివాళ్లు దయతలచి ఇచ్చిందే దక్కుతుంది. అందుకే గడువు దగ్గర పడితే ముందు దావా వేయండి, వేశాక రాజీలు కుదిర్చే లోక్ అదాలత్‌కి పంపమని మీరే అడగండి, ఎవరు వద్దన్నారు? అక్కడ సర్దుకుంటే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. అక్కడిచ్చే తీర్పు, అంటే అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకానికి ముందు అంకెలూ వాయిదా తేదీలూ రెండుసార్లు చదువుకోండి.

చెక్కు బౌన్సు కేసులో రాజీ కుదరదంటారు. కుదురుతుంది. కాకపోతే చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో చెక్కు ఇచ్చినవాళ్లకి నోటీసు వెళ్లాలి.

"మూరెడు గట్టు జరిపాడు, హైకోర్టు దాకా వెళ్తా" అనేవాళ్లకి నేను మొదట చెప్పేది పొలం హద్దులు తేల్చే ఎఫ్-లైన్‌కి అర్జీ పెట్టి సర్వేయరు చేత కొలిపించమని. మా నాన్న, బాబాయి గట్టు కోసం తొమ్మిదేళ్లు వాయిదాలకి తిరిగారు, ఒకే బస్సులో, ముందు సీట్లో ఒకరు వెనక సీట్లో ఒకరు. తర్వాత ఇద్దరూ ఒకే ప్లాట్ల వ్యాపారికి అమ్మేశారు. ప్రొక్లెయిన్ ఆ గట్టుని ఒక్క పూటలో చదును చేసింది.

మాస్టారికి మిగిలింది ఒకటే దారి. బాకీ తీరుస్తానని వియ్యంకుడు కొత్తగా సంతకంతో రాసిచ్చాడా, కాంట్రాక్టు చట్టం ప్రకారం అది చెల్లుతుంది, గడువు దాటిన బాకీకైనా సరే. అడిగి చూడమన్నాను. ఆయన కాసేపు ఆ కవరు మడిచి, విప్పి, మళ్లీ మడిచి నా ముందు పెట్టారు. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి, మా ఆవిడ తేదీ చూసిందంటే ఊరుకోదు."

ఇంకా నా సొరుగులోనే ఉంది.