వరిలో కలుపు మందు, పక్క చేలో పత్తి: 2,4-డి పాత కథ

పత్తి చేలో లేత ఆకులు ఉన్నట్టుండి సన్నబడి, ఈనెలు దగ్గరకు ముడుచుకుని, బెండాకుల్లా కనిపిస్తే రైతు వైరస్ తెగులని భయపడతాడు. తెగులు మందులు కొడతాడు. కారణం చాలాసార్లు గట్టు అవతలే ఉంటుంది. వరిలోనో మొక్కజొన్నలోనో వెడల్పాకు కలుపు మీద కొట్టిన 2,4-డి గాలికి ఇటు కొట్టుకొచ్చి ఉంటుంది. లేదా ఆ మందు కలిపిన ట్యాంకునే సరిగా కడగకుండా పత్తికి వాడి ఉంటారు.

ఈ మందు రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటిది. మొక్కల పెరుగుదలను నడిపే ఆక్సిన్ హార్మోనులా పనిచేసే రసాయనాల కోసం బ్రిటన్‌, అమెరికాల్లో విడివిడిగా వెతుకుతుండగా బయటపడింది. శత్రువు పంటలను దీనితో చంపవచ్చా అని సైన్యాలూ ఆలోచించాయి కాబట్టి పరిశోధన గోప్యంగా సాగింది. 1945లో అమెరికా బజారులోకి వచ్చింది.

సొంత ఆక్సిన్‌ను మొక్క అదుపులో ఉంచుకోగలదు, దీన్ని మాత్రం అంత తేలిగ్గా వదిలించుకోలేదు. కాడలు మెలితిరుగుతాయి, ఎదుగుదల అడ్డూ అదుపూ తప్పుతుంది, చివరికి మొక్క చచ్చిపోతుంది. గడ్డిజాతి పైర్లు దీన్ని తట్టుకుంటాయి. అందుకే వరి బతికి కలుపు పోతుంది. పత్తి కూడా వెడల్పాకు మొక్కే, పైగా ఈ మందుకు మహా సున్నితం.

ఇది మొదట్లోనే తెలిసింది. 1940ల చివర్లో టెక్సస్‌లో వరి మీద విమానాలతో 2,4-డి పొడి చల్లితే మైళ్ల దూరంలోని పత్తి పాడైంది. అప్పటి నుంచి అక్కడ దీని వాడకానికి ఆంక్షలు మొదలయ్యాయి. మన దగ్గర వరీ పత్తీ ఒకే గట్టును పంచుకుంటాయి, ఆ హెచ్చరిక మాత్రం డబ్బా మీది చిన్న అక్షరాల్లో మిగిలిపోయింది. ఇది నాకు బాధాకరమైన విషయం.

వియత్నాం యుద్ధంలో అడవుల ఆకులు రాల్చడానికి అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే మందులో సగం ఇదే. అయితే అందులోని డయాక్సిన్ విషం ప్రధానంగా రెండో సగమైన 2,4,5-టి అనే మరో కలుపు మందు నుంచి వచ్చింది. 2,4-డి మీదా అనుమానాలు లేకపోలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దీన్ని క్యాన్సర్ కారకం కావచ్చన్న 2బి వర్గంలో చేర్చింది. 2020 మేలో కేంద్రం నిషేధించాలని ప్రతిపాదించిన 27 మందుల్లో ఇదీ ఉంది. 2023 నాటి నిషేధ ఉత్తర్వులో లేదు.

అమెరికా 2015లో 2,4-డిని తట్టుకునే జన్యుమార్పిడి పత్తికి అనుమతిచ్చింది. మన చేలలోని బీటీ పత్తికి ఆ గుణం లేదు. పక్క చేలో పత్తి ఉంటే గాలి వీస్తున్నప్పుడు ఈ మందు కొట్టకూడదు, దీనికి విడిగా ఒక స్ప్రేయర్ ఉంచుకోవాలి.