కడుపులో పురుగులు ఎక్కడి నుంచి వస్తాయి? అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో మా ల్యాబు బల్ల మీద ఉదయం పది దాటేసరికి చిన్న తెల్ల డబ్బాలు వరుసగా చేరతాయి. మూత మీద పేరు, వయసు, ఊరు రాసి ఉంటాయి. పుత్తూరు, శ్రీకాళహస్తి, పాకాల, చంద్రగిరి చుట్టుపక్కల పల్లెలు. గాజు పలక మీద ఒక పక్క ఉప్పునీటి చుక్క, ఇంకో పక్క అయోడిన్ చుక్క వేసి, ఆవగింజంత మలాన్ని పుల్లతో కలిపి, పైన పలుచని గాజు బిళ్ల పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తాను. ఏలికపాము గుడ్డును ఒకసారి చూసినవాళ్లు మరచిపోరు. గోధుమ రంగు, ఒళ్లంతా బుడిపెలు, అచ్చం సీతాఫలమే. కొంకిపురుగు గుడ్డు వేరు. గాజులా తేటగా ఉన్న పెంకు, లోపల నాలుగు కణాలు, పెంకుకూ కణాలకూ మధ్య కాస్త ఖాళీ.

మైక్రోబయాలజీ వైద్యురాలిగా ఆ గుడ్డు ఏ పురుగుదో రాసి ఇస్తే నా పని అయిపోయినట్టే. కానీ కాగితం అందుకున్న తల్లి తప్పకుండా ఒక మాట అంటుంది: "వద్దంటే వినడు మేడమ్, పొద్దస్తమానం బెల్లమే!" ఆ మాట విన్నాక ఆమెను అలాగే పంపించడానికి నాకు మనసొప్పదు.

అపోహ: తీపి తింటే కడుపులో పురుగులు పుడతాయి

పురుగు కడుపులో పుట్టదు. గుడ్డుగానో పిల్లగానో బయటి నుంచి రావలసిందే. ఆడ ఏలికపాము రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి మలంతో నేల మీద పడతాయి. పడిన వెంటనే ఎవరికీ అంటుకోవు. తేమా నీడా ఉన్న మట్టిలో 2 నుంచి 4 వారాలు ఉండి పక్వానికి రావాలి. ఆ తరువాత పిల్లవాడి గోటి సందులోకో, సరిగా కడగని కొత్తిమీర కట్టలోకో చేరి, అక్కడి నుంచి నోటికి వెళతాయి. పేగులో గుడ్డు పగిలి బయటపడిన పిల్ల రక్తంలో పడి కాలేయానికి, ఊపిరితిత్తులకు వెళుతుంది. దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగినప్పుడు మళ్లీ పేగులోకి దిగుతుంది. అక్కడ పెరిగి అడుగు పొడవు దాకా అవుతుంది.

ఇంత దూరం నడిచిన దారిలో బెల్లానికి ఎక్కడా చోటు లేదు. బెల్లం డబ్బా అటక మీద దాచిపెట్టి, పెరట్లో ఆడుకుని వచ్చిన బిడ్డకు చేతులు కడగకుండానే ముద్ద కలిపి పెడితే గుడ్డు దారి గుడ్డుకు తెరిచే ఉంటుంది. తీపి తగ్గించండి, పళ్లకు మంచిది. పురుగుల కోసం మాత్రం సబ్బు, గోళ్లు, మరుగుదొడ్డి చూసుకోండి.

అపోహ: నిద్రలో పళ్లు కొరికినా, ముఖం మీద తెల్ల మచ్చలు వచ్చినా పురుగులే కారణం

పళ్లు కొరకడానికి పురుగులే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. పిల్లల బుగ్గల మీద పాలిపోయినట్టు కనిపించే మచ్చలు చాలావరకు చర్మం పొడిబారడం వల్ల వచ్చేవి. మట్టి, బలపం, పచ్చిబియ్యం తినే అలవాటును మాత్రం తేలికగా తీసుకోవద్దు. అది తరచుగా ఇనుము లోపానికి గుర్తు. ఆ మట్టితో గుడ్లూ లోపలికి వెళతాయి కాబట్టి రక్తం, మలం రెండూ పరీక్ష చేయించండి.

అపోహ: మాంసం ముట్టని ఇంట్లో బద్దెపురుగు భయం లేదు

దీని గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల చికిత్స ఆలస్యమైనవాళ్లను చూశాను. పద్నాలుగేళ్ల అబ్బాయి. బడిలో ప్రార్థన వేళ పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మూడోసారి వచ్చాక గానీ స్కాన్ తీయించలేదు. మెదడులో చిన్న ఉంగరం లాంటి గుర్తు కనిపించింది. బద్దెపురుగు పిల్ల చుట్టూ ఏర్పడిన తిత్తి అది. వాళ్ల నాయనమ్మ నా చేయి పట్టుకుని, "మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు తల్లీ, పంది పురుగు మా బిడ్డకెట్లా వచ్చింది?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆమె తప్పేమీ లేదు, ఆమె నియమానికి భంగమూ రాలేదు. ఇక్కడ రెండు వేర్వేరు దారులున్నాయి. తిత్తులున్న పంది మాంసాన్ని సరిగా ఉడకకుండా తిన్నవారి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. అది కొన్ని మీటర్ల పొడవు ఉంటుంది. అతనికి చాలాసార్లు ఏ బాధా ఉండదు. కానీ అతని మలంలో వేలకొద్దీ గుడ్లు బయటికి వస్తాయి. ఆ గుడ్లు అతని చేతి ద్వారానో, నీటి ద్వారానో, పచ్చి కూర ద్వారానో ఎవరి నోట్లోకి వెళితే వాళ్ల కండరాల్లోకి, కంట్లోకి, మెదడులోకి పిల్లలు చేరి తిత్తి కడతాయి. అంటే మాంసం తిన్నవారికి పేగులో పురుగు వస్తుంది. గుడ్డు మింగిన ఎవరికైనా మెదడులో తిత్తి వస్తుంది. బడి ముందు బండి మీద కొన్న ముక్కల మామిడికాయకు, అమ్మిన చేతికి, కడిగిన నీటికి శాకాహారమూ మాంసాహారమూ తెలియవు.

తిత్తి ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండవచ్చు. లోపలి పిల్ల చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి మూర్ఛలు మొదలవుతాయి. మన దేశంలో మూర్ఛలకు ఉన్న ముఖ్య కారణాల్లో ఇది ఒకటి, నివారించగలిగినది కూడా. చికిత్సలో మొదట మూర్ఛలను అదుపు చేసే మందులు. పురుగు మందు ఇవ్వాలా వద్దా, దానికి ముందు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఎంత ఇవ్వాలి అన్నది స్కాన్ చూసి, కళ్లు పరీక్షించి నరాల వైద్యుడు తేల్చాలి. ఎందుకంటే పిల్లలన్నీ ఒకేసారి చస్తే వాపు ఎక్కువై ప్రాణం మీదికి రావచ్చు. మందుల దుకాణంలో ఆల్బెండజోల్ కొని సొంతంగా వేసుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

"క్యాబేజీలో ఉండే పురుగు మెదడులోకి వెళుతుంది" అని ఫోన్లలో తిరిగే మాట కూడా ఈ అయోమయం నుంచి వచ్చిందే. ఆకు తినే ఆకుపచ్చ గొంగళిపురుగు మన ఒంట్లో బతకదు. మురుగునీరు పారించిన తోటలో ఏ ఆకుకైనా, ఏ దుంపకైనా బద్దెపురుగు గుడ్లు అంటుకుని ఉండవచ్చు. బాగా ఉడికిన క్యాబేజీని నిశ్చింతగా తినండి. పచ్చిగా తినే ఉల్లి, క్యారెట్, కొత్తిమీరను పారే నీటిలో రెండు మూడుసార్లు కడగండి.

అపోహ: రక్తం తక్కువగా ఉంటే తిండి సరిపోనట్టే

ఒక్కోసారి తిన్నదంతా ఇంకొకరు తాగుతుంటారు. కొంకిపురుగు పొడవు ఒక సెంటీమీటరు. పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం పీలుస్తుంది. ఆంకిలోస్టోమా రకమైతే ఒక్కో పురుగు వల్ల రోజుకు సుమారు 0.15 నుంచి 0.2 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. మూడు నాలుగు చుక్కలు. అలాంటివి వంద ఉంటే నెలకు అర లీటరు. నెకేటర్ రకం అందులో ఐదో వంతు పీలుస్తుంది. నెలనెలా రుతుస్రావం ఉన్న అమ్మాయికి, కడుపుతో ఉన్న ఆడమనిషికి ఈ నష్టం ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. మునగాకు, బెల్లం, ఇనుము మాత్రలు అన్నీ తీసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే మలపరీక్ష అడగండి. గర్భిణులకు మొదటి మూడు నెలలు దాటాక వైద్యుల సలహాతో పురుగు మందు ఇవ్వవచ్చు.

ఈ పురుగు ఎక్కువగా నోటి నుంచి కాదు, పాదం నుంచి వస్తుంది. ఆరుబయట మలవిసర్జన జరిగిన తడి నేలలో గుడ్లు పగిలి, పిల్లలు వారం పది రోజుల్లో చర్మంలోకి దూరగలిగే స్థితికి వస్తాయి. మామిడి తోట నీడ, కూరగాయల మడి గట్టు వాటికి సరైన చోటు. వేళ్ల సందుల్లో దురద, చిన్న పొక్కులు, అంతే. రైతు దాన్ని చీమ కుట్టిందనుకుంటాడు.

కొండకు నడిచి వెళ్లే భక్తులు కొందరు నన్ను అడుగుతుంటారు, అలిపిరి మెట్లు చెప్పులు లేకుండా ఎక్కితే ఇవి వస్తాయా అని. రావు. రాతి మెట్ల మీద ఈ పిల్లలు బతకవు, వాటికి మలం కలిసిన తడి మట్టి కావాలి. మొక్కు నిశ్చింతగా తీర్చుకోండి. తోటలో పనికి దిగేటప్పుడు మాత్రం పాదం మూసే చెప్పులు వేసుకోండి.

అపోహ: మలపరీక్షలో ఏమీ లేదంటే ఒంట్లో పురుగులు లేనట్టే

గుడ్లు ప్రతిరోజూ ఒకే లెక్కన పడవు. అనుమానం బలంగా ఉంటే రోజు విడిచి రోజు మూడు నమూనాలు చూడాలి. రక్తవిరేచనాలైతే అరగంటలోగా తెచ్చి ఇవ్వండి. అప్పుడే అమీబా అనే ఏకకణ జీవి కాళ్లు చాపుతూ కదలడం కనిపిస్తుంది, ఆలస్యమైతే చచ్చిపోతుంది. మూత్రం కలవకుండా చూడండి.

రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే నులిపురుగుల సంగతి ఇంకా వేరు. ఆడపురుగు రాత్రి బయటికి వచ్చి చర్మం మీదే గుడ్లు పెడుతుంది కాబట్టి మలంలో సాధారణంగా దొరకవు. ఉదయం బిడ్డ స్నానం చేయకముందే పారదర్శకమైన అంటుడు టేపు ముక్కను అక్కడ అద్ది, గాజు పలకకు అంటించి తెస్తే కనిపిస్తాయి. మందు గుడ్లను చంపదు, అందుకే రెండు వారాల తరువాత మళ్లీ వేయాలి. అదీ ఇంట్లో అందరూ. దుప్పట్లు, లోదుస్తులు వేడినీటిలో ఉతకాలి.

అపోహ: బడిలో ఇచ్చే పురుగుల మాత్ర ప్రమాదం, వేపాకు ముద్ద చాలు

జాతీయ నులిపురుగుల నివారణ దినాన్ని 2015లో మొదలుపెట్టారు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న 1 నుంచి 19 ఏళ్ల వారికి 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్లలోపు వారికి సగం మాత్ర. పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు కాసేపు కడుపునొప్పి, వికారం రావచ్చు. పసివాళ్లకు మాత్రను మాత్రగానే మింగించవద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. పొడి చేసి నీటిలో కలిపి ఇవ్వాలి. ఆ రోజు జ్వరంగా ఉన్నా, ఇంతకుముందు మూర్ఛలు వచ్చి ఉన్నా ముందే టీచరుకు చెప్పండి. వేపాకు చేదుకు ఏలికపాము పారిపోదు.

అపోహ: గొర్రె కార్జంలో నీటి బుడగ ఉంటే, ఆ మాంసం తిన్నవారికి జబ్బు వస్తుంది

రాయలసీమలో గొర్రెలు పెంచేవారికి, కోసేవారికి ఈ నీటి బుడగ బాగా తెలుసు. అందులో ఉండేది కుక్క బద్దెపురుగు పిల్లలు. మనిషి దాన్ని తిన్నా ఈ జబ్బు రాదు. అయితే అసహ్యించుకుని ఆ ముక్కను పక్కన కూర్చున్న కుక్కకు విసురుతాం చూడండి, ప్రమాదం అక్కడ మొదలవుతుంది. కుక్క పేగులో అది బియ్యపు గింజంత పురుగవుతుంది. గుడ్లు కుక్క మలంలో పడతాయి, బొచ్చుకు అంటుకుంటాయి. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తిన్న పిల్లకు, అది తిరిగిన గడ్డి మేసిన గొర్రెకు చేరతాయి. మనిషి కాలేయంలోనో, ఊపిరితిత్తిలోనో బుడగ ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. ముప్పై ఏళ్ల వయసులో అల్ట్రాసౌండ్‌లో బయటపడినది పసితనంలో అంటుకున్నది కావచ్చు. కడుపులో గడ్డ అనగానే ఎవరినీ సూదితో పొడవనివ్వకండి. ఈ బుడగలోని నీరు కారితే ఒళ్లంతా తీవ్రమైన అలర్జీ రావచ్చు, కొత్త బుడగలు పుట్టవచ్చు.

గంగమ్మ జాతరకు, పండుగలకు పొట్టేలు కోసిన చోట బుడగలున్న అవయవాలను లోతుగా పూడ్చండి, లేదా కాల్చండి. మందతో తిరిగే కుక్కలకు పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం నట్టల మందు వేయించండి. గొర్రెలకు మరవకుండా వేసే మనం కుక్కను మరచిపోతాం.

అపోహ: తేటగా ఉన్న నీరు మంచినీరు

పోయిన నెల డెబ్బై దాటిన అవ్వ ఒకరు రక్తవిరేచనాలతో వచ్చారు. నమూనాలో అమీబా ఉంది, ఎర్రకణాలను మింగి మరీ ఉంది. "మేం నీళ్లు వడగట్టుకునే తాగుతాం" అన్నారు. చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి చీలమండ పైన పాత మచ్చ చూపించారు. నారికురుపు. చిన్నప్పుడు దిగుడు బావి నీళ్లు తాగితే వచ్చిందట. నీటిలోని సైక్లోప్స్ అనే సన్నని జీవితో లోపలికి వెళ్లిన పురుగు ఏడాది తరువాత కాలి నుంచి దారంలా బయటికి వస్తే, రోజుకు కాస్త చొప్పున పుల్లకు చుట్టి తీశారట. మందూ లేదు, టీకా లేదు. గుడ్డతో నీళ్లు వడగట్టడం, దిగుడు బావుల్లోకి దిగకుండా చేయడం, నీటిలో సైక్లోప్స్‌ను చంపే మందు కలపడం, వీటితోనే ఆ జబ్బును దేశం నుంచి తరిమేశారు. చివరి కేసు 1996లో కనిపించింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం దాని నుంచి విముక్తమైందని ప్రకటించింది.

అవ్వ ఇంటి కొళాయికి ఇప్పటికీ తెల్ల గుడ్డ కట్టి ఉందట. సైక్లోప్స్ ఆ గుడ్డలో ఆగుతుంది. అమీబా తిత్తి, అంటే గట్టి పొరలో ముడుచుకున్న అమీబా, మిల్లీమీటరులో నూరో వంతు, నేత సందులోంచి జారిపోతుంది. కొళాయి నీటిలో కలిపే క్లోరిన్ మోతాదుకు అది చావదు, నీళ్లు తెర్లితే చస్తుంది. "గుడ్డ తీసేయకండి అవ్వా, వడగట్టిన తరువాత పొయ్యి మీద పెట్టి బాగా తెర్లనివ్వండి" అని చెప్పి, మందుల చీటీ వెనుక కోడలికి చదివి వినిపించేలా అదే పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.