భక్తి ఉంటే తెలివి తక్కువా? ఒక కొలత వెనుక కథ

పరీక్షల కాలంలో వరంగల్ భద్రకాళి గుడికి వెళితే, కుంకుమ అంటిన హాల్ టికెట్లతో బయటికి వచ్చే పిల్లలు కనిపిస్తారు. వాళ్లను చూసి ‘ఇంత చదివి ఇంకా ఈ నమ్మకాలేమిటి’ అని విసుక్కునే మాస్టార్లున్నారు. ‘దేవుణ్ని నమ్మనివాడికి చదువుంటే సరా, బుద్ధి ఉండొద్దూ’ అనే తాతలూ ఉన్నారు. ఇద్దరూ భక్తిని చూసే తెలివిని కొలుస్తున్నారు. ఆ కొలత పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలుసుకోవాలి.

తెలివి ఎక్కడి నుంచి వస్తుంది, ప్రార్థన ఫలిస్తుందా అనే రెండు ప్రశ్నల దగ్గరా ఆధునిక కాలంలో ఒకే మనిషి ఎదురవుతాడు. ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో మేధ వంశపారంపర్యమని పుస్తకం రాశాడు. 1872లో ప్రార్థనలు ఫలిస్తాయా అని లెక్కలు తీశాడు. రాజు చల్లగా ఉండాలని జనమంతా ప్రార్థిస్తారు కాబట్టి రాజులు ఎక్కువకాలం బతకాలి కదా! ఆయన లెక్కలో సంపన్న వర్గాలన్నిటిలోకీ రాజవంశీకుల ఆయుష్షే తక్కువని తేలింది.

తెలివిని కొలిచే పరీక్ష మాత్రం ఎంతో మంచి ఉద్దేశంతో పుట్టింది. తరగతిలో వెనకబడే పిల్లలను గుర్తించి, వాళ్లకు తగిన చదువు చెప్పేందుకు 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ అవసరం కోసమే ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ 1905లో పరీక్ష తయారుచేశారు. పిల్లవాడి తెలివి ఇంతేనని ముద్ర వేయడాన్ని బినే గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన 1911లో పోయాడు. అమెరికాలో అదే పరీక్ష ముద్రవేసే పనిముట్టు అయింది. ఓడ దిగి ఎల్లిస్ దీవికి చేరిన వలసజనంలో కొందరిని, ఇంగ్లిషు రాని వాళ్లను సైతం, దుబాసీలను పెట్టి ప్రశ్నించి మందబుద్ధుల కింద జమకట్టారు. వెనకబడిన పిల్లవాడికి చేయూతగా పుట్టినదాన్ని వాడి నెత్తిన కర్రగా మార్చారు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

మతవిశ్వాసాన్నీ, ఇలాంటి పరీక్షల్లో వచ్చే తెలివి మార్కు అయిన ఐక్యూనూ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలు తర్వాత చాలా వచ్చాయి. మిరాన్ జుకర్‌మన్ బృందం 2013లో అలాంటి 63 అధ్యయనాలను కలిపి చూసింది. ఐక్యూ పెరిగేకొద్దీ విశ్వాసం కొంత తగ్గే ధోరణి 53 అధ్యయనాల్లో కనిపించింది. ఉన్న మాట ఉన్నట్టు ఒప్పుకోవాలి. అయితే ఆ సంబంధం సగటున మైనస్ 0.24. అంటే మనుషుల మధ్య కనిపించే తేడాలో నూటికి ఆరు పాళ్లకు మించి దీనితో ముడిపడదు. పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికావే. భద్రకాళి గుడి మెట్ల మీద కూర్చున్న పిల్ల గురించి అవి చెప్పగలిగింది బహు తక్కువ. నాస్తికుడైన గణితవేత్త హార్డీ, సహజ ప్రతిభకు మార్కులు వేస్తూ తనకు 25 వేసుకుని, నామగిరి అమ్మవారిని నమ్మిన రామానుజన్‌కు 100 వేశాడు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసేచోట కాసేపు కూర్చుంటే ఐక్యూ పరీక్షకు అందనిది కనిపిస్తుంది. మగ్గం మీద పడుగు బిగించి ఉంటుంది. ఏ రంగు పేక ఎన్ని పోగుల దగ్గర ఆగాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో నేతగాడి వేళ్లకు తెలుసు. ఒక్క పోగు లెక్క తప్పితే పువ్వు చెడిపోతుంది. గోడ మీద మార్కండేయుడి పటం ఉంటుంది. 2011 జనాభా లెక్కల నాటికి తెలంగాణలో అక్షరాస్యులు మూడింట రెండొంతులే. బడి ముఖం చూడని మనిషికి ప్రశ్నపత్రం ఇచ్చి, వచ్చిన మార్కులను తెలివి అంటే, మనం కొలిచింది బడి ఎంత దూరంలో ఉందో మాత్రమే.

ఈ నేల మీద ఈ చర్చ గాల్టన్ కంటే చాలా పాతది. జనగామ జిల్లా పాలకుర్తిలో పేరు నిలిచిన పాల్కురికి సోమనాథుడు మహాపండితుడు. ఆయన బసవపురాణంలో ముగ్ధభక్తులకు, అంటే శాస్త్రాలు తెలియని అమాయక భక్తులకు, పెద్దపీట వేశాడు. శివుడికి తల్లి లేదే అని బెంగపడి తానే తల్లయిన బెజ్జమహాదేవి కథ అందులోదే. చదువున్నవాడు చదువులేని వాళ్లకు మొక్కిన తీరు నాకు ఎంతో ఇష్టం. అయినా ఒక భయమూ ఉంది. అమాయకత్వాన్ని మరీ మెచ్చుకుంటే, ‘వాళ్లకు చదువెందుకు’ అనేవాళ్లకు అది సాకుగా దొరుకుతుంది.

నమ్మకం ప్రాణాలు తీసే చోటూ ఉంది. ఎవరికో జ్వరం వస్తే, చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో ఉత్తర తెలంగాణ పల్లెల్లో మనుషులను కొట్టి చంపారు. అలాంటి గుంపులో చదువుకున్నవాళ్లు ఉండరని ఎవరూ హామీ ఇవ్వలేరు. జ్వరం ఎందుకు వచ్చిందని ఆ గుంపులో ఒక్కరూ అడగరు. ములుగు అడవి పల్లెల్లో ఆ ప్రశ్న అడిగేది ఆశా కార్యకర్త. ఇంట్లో మేడారం నుంచి తెచ్చుకున్న బంగారం, అదే బెల్లం, కళ్లకద్దుకుని బయలుదేరుతుంది. జ్వరం వచ్చిన పిల్లవాడి వేలు తుడిచి, సూదితో గుచ్చి, రక్తపు చుక్కను గాజుపలక మీద తీసుకుని, మలేరియా ఉందో లేదో చూడమని ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది.