రెండు రోజుల్లో తగ్గించే ట్యూబు: తామర గురించి అపోహలు, వాస్తవాలు

చర్మ పరీక్షల శిబిరం పెట్టే ముందు మేము ఊళ్లో చెప్పించే మాట ఒకటుంది: ఇంట్లో వాడుతున్న పూత మందులన్నీ వెంట తెచ్చుకోండి. చీటీ పోయినా పరవాలేదు, ట్యూబు మాత్రం తేవాలి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కార్మికుల కోసం పెట్టినా, కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల కోసం పెట్టినా, విజయవాడ సింగ్‌నగర్‌లో డ్వాక్రా సంఘాల వాళ్లను కూడగట్టి పెట్టినా, మధ్యాహ్నమయ్యేసరికి నా బల్ల మీద ట్యూబుల కుప్ప పడుతుంది. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలి సరుకు దాదాపు ఒకటే. ఘాటైన స్టెరాయిడ్ ఒకటి, ఫంగస్ మందు ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి. అన్నీ కలిపి ఒకే క్రీము. తెచ్చినవాళ్లందరి జబ్బూ తామరే.

"పూసిన రెండు రోజులకే తగ్గింది, మంచి మందే"

మిగతా అపోహలన్నీ కలిసి చేసే నష్టం ఒక ఎత్తు, ఇదొక్కటీ చేసే నష్టం ఒక ఎత్తు. తామరలో దురద, ఎరుపు, వాపు వచ్చేది ఫంగస్ మీద మన ఒళ్లు తిరగబడుతుంది కాబట్టి. క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ పూస్తే ఆ తిరుగుబాటు అణిగిపోతుంది. దురద పోతుంది, ఎరుపు పోతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. దొంగను చూసి మొరుగుతున్న కుక్కకు మత్తుమందు పెట్టి పడుకోబెట్టినట్టు. పూత ఆపిన వారానికే తామర రెట్టింపై తిరగబెడుతుంది. మళ్లీ అదే ట్యూబు, మళ్లీ రెండు రోజుల సుఖం. ఇలా ఏళ్లు గడిపినవాళ్లను ప్రతి శిబిరంలోనూ చూస్తున్నాను.

పైగా జబ్బు రూపమే మారిపోతుంది. మామూలు తామర గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేటపడి ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. స్టెరాయిడ్ పూసిన తామరకు అంచు చెదిరిపోతుంది, వలయంలో వలయం పడుతుంది, ఒక్కోసారి మొటిమల్లా లేస్తుంది. అప్పుడు కంటితో చూసి చెప్పడం కష్టం. మచ్చ మీది చర్మపు పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూడాల్సి వస్తుంది.

తొడిమలు తీసే ఒకావిడ తెచ్చిన ట్యూబు నాకు బాగా గుర్తు. తోక నుంచి చుట్టుకుంటూ వచ్చి మెడ దాకా పిండేశారు. కారం అంటిన వేళ్లతో పట్టుకోవడంతో అక్షరాలు చెరిగిపోయి, మూత చుట్టూ ఎర్రటి పొడి పేరుకుంది. "డాక్టరమ్మ గారూ, దీని చలవ వల్లే పనికి పోగలుగుతున్నా" అంది. ఇంట్లో భర్తకు, అత్తగారికి, కొడుక్కి కూడా అదే. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, సిగ్గుతో గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. తెర వెనక్కి పిలిచి చూస్తే తొడల లోపలివైపు వేలెడు వెడల్పున ఎర్రటి చారలు, చర్మం ఉల్లిపొరలా పలచబడింది. గజ్జల్లో, చంకల్లో చర్మం ముందే పలచన కనుక స్టెరాయిడ్ ఎక్కువగా ఇంకుతుంది. కబడ్డీ ఆడటం మానేశాడట. తామరకు వైద్యం ఉంది, తగ్గుతుంది. ఆ చారలు రంగు మాసి తెల్లబడతాయే కానీ పూర్తిగా పోవు. అతను అడిగింది ఆ ఒక్క మాటే, నేను చెప్పలేక చెప్పింది కూడా అదే.

"అందులో ఫంగస్ మందు కూడా ఉంది కదండీ" అని మందుల షాపువాళ్లు వాదిస్తారు. ఉంది. కానీ ఫంగస్ మందు పనిచేయడానికి వారాలు పట్టాలి, స్టెరాయిడ్ రెండు రోజుల్లోనే హాయినిస్తుంది. దురద పోయాక నెల రోజులు ఓపిగ్గా పూసేవాళ్లు ఎవరు? సగం సగం మందు తగిలిన ఫంగస్ చావదు, మొండిబారుతుంది. మన దేశం, నేపాల్ నుంచి వెళ్లిన రోగుల చర్మంలో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టిన ఫంగస్ రకంలో చాలా వాటికి టెర్బినాఫిన్ మాత్రలు సరిగ్గా పనిచేయవు. ఒకప్పుడు తామరకు మేము కళ్లు మూసుకుని రాసిన మందు అది. ఈ మొండితనం వెనుక స్టెరాయిడ్ ట్యూబుల వాడకం కూడా ఉందని చర్మవైద్యుల్లో బలమైన అనుమానం.

చట్టం లేక కాదు. పైపూత మందులకున్న మినహాయింపు తొలగించి 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. మా చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఈ దుర్వినియోగం మీద ప్రత్యేక కార్యదళమే పెట్టింది. అయినా అడిగితే చాలు, ట్యూబు చేతిలో పడుతుంది. షాపువాళ్లతో మాట్లాడదామని ఒకసారి సమావేశం పెడితే ఒక పెద్దాయన లేచి, "మేడమ్ గారూ, నేను ఇవ్వనంటే ఎదురు షాపుకు పోతాడు, రేపు జ్వరం మాత్రకు కూడా నా దగ్గరికి రాడు" అన్నారు. ఆయన మీద కోపం రాలేదు. పూట కూలి పోగొట్టుకుని ఆసుపత్రి వరుసలో నిలబడటం కంటే ట్యూబు చౌక అనుకునే ముఠా కార్మికుడి మీద అసలే రాదు. నా కోపమంతా "మా బావమరిదికి తగ్గింది, నువ్వూ వాడు" అని ఫోనులో ట్యూబు బొమ్మ పంపించేవాళ్ల మీద.

ఇంగ్లీషు రాకపోయినా ట్యూబును అనుమానించడం నేర్చుకోవచ్చు. ఎర్ర గీత, పక్కన ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటే అది చీటీ మీదే కొనాల్సిన మందు. చదవగలిగిన పిల్లలెవరైనా ఉంటే పేర్ల చివర చూడమనండి. బెటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, క్లోబెటసాల్ వంటివి కనబడితే అది స్టెరాయిడే. స్టెరాయిడ్ విషమని కాదు నేననేది. ఎగ్జిమాకు, సొరియాసిస్‌కు మేమే రాస్తాం, ఎంత, ఎక్కడ, ఎన్నాళ్లు అని లెక్క చెప్పి. తామరకు మాత్రం సొంతంగా పూయకూడదు.

మరి తామరకు ఏం చేయాలి? ఉత్త ఫంగస్ మందు, మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు వేళ్ల మేర పూయాలి. మచ్చ మాయమయ్యాక కూడా రెండు వారాలు ఆపకూడదు. ఒళ్లంతా పాకితే మాత్రలు వేయాలి, అవి డాక్టరు చూసి రాయాలి. ఇంట్లో ఎందరికి ఉంటే అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి. తువ్వాలు, లుంగీ ఎవరివి వారికే. బట్టలు తిరగేసి ఎండలో ఆరేయాలి, మనకు ఎండకేం కొదవ లేదు. కృష్ణా తీరపు ఉక్కలో బిగుతు జీన్సు వేసుకుని రోజంతా బండి మీద తిరిగే కుర్రాళ్లకు నా సానుభూతి తప్ప ఇంకేమీ ఇవ్వలేను.

ఇక మొలతాడు. చెమటకు నాని, ఎప్పుడూ ఆరని ఆ నల్ల తాడులో ఫంగస్ కాపురం పెడుతుంది. నడుం చుట్టూ తామర మొలతాడు గీత వెంబడే పాకడం మాకు మామూలు దృశ్యం. తీసేయమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, అశుభం అంటారు. నేను వాదించను. వైద్యం మొదలుపెట్టిన రోజు కొత్తది మార్చండి, మధ్యలో మరోసారి మార్చండి, కుదిరితే వెండిది కట్టుకుని రోజూ తోముకోండి అంటాను. దానికి చాలామంది ఒప్పుకుంటారు.

ట్యూబు ఆపిన మొదటి వారాల్లో దురద, మంట పెరుగుతాయి. జబ్బు ముదిరిందని భయపడి మళ్లీ పాత ట్యూబు అందుకునేది ఇక్కడే. దురదకు మాత్ర రాస్తాం, ఆ కొన్నాళ్లు ఓర్చుకోవాలి. ఏళ్ల తరబడి ఒంట్లో ఎక్కువ భాగానికి పూస్తున్నవాళ్లు, పసిపిల్లలకు పూస్తున్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగే ఆపండి.

వెల్లుల్లి ముద్ద, కిరసనాయిలు, నిమ్మరసం: కాలిన బొబ్బలతో వస్తారు. వద్దు.

మంగు మచ్చలకని, పెళ్లి ముందు రంగు తేలడానికని ముఖానికి పూసే క్రీముల్లోనూ చాలాసార్లు ఇదే స్టెరాయిడ్ దాగి ఉంటుంది. ముందు మెరుపు, తర్వాత మొటిమలు, ఎండ తగిలితే మంట, నూగు వెంట్రుకలు, పూత ఆపితే ఎర్రబడే ముఖం. డాక్టరు ఎనిమిది వారాలకు రాసిన క్రీమును అక్కచెల్లెళ్లు పంచుకుని ఏళ్ల తరబడి పూయడం చూస్తుంటాను.

మిగతావి త్వరగా. బొల్లి అంటదు. పాలు, చేపలు కలిపి తింటే రాదు. సొరియాసిస్ అంటదు. చర్మవ్యాధి అనగానే వంకాయ, గోంగూర మానాలంటారు. ఏదైనా తిన్నప్పుడల్లా మీకే దద్దుర్లు వస్తుంటే అది మీరు మానండి. అందరినీ గోంగూర మానమనే ధైర్యం గుంటూరులో నాకు లేదు, అవసరమూ లేదు. హాస్టళ్లలో గజ్జి వస్తే దురద ఉన్న పిల్లలకే మందు ఇవ్వడం వృథా. గదిలో అందరికీ ఒకే రాత్రి, మెడ నుంచి అరికాళ్ల దాకా పెర్మెత్రిన్ పూసి, వారం తర్వాత మళ్లీ పూయాలి.

కుష్టు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. "ఇప్పుడెక్కడుందండీ కుష్టు" అని చదువుకున్నవాళ్లే అంటున్నారు. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పది వేల మందికి ఒకరి కంటే తక్కువ కేసుల స్థాయికి చేరాం, అంతే. కొత్త కేసులు ఇప్పటికీ వస్తున్నాయి, మా శిబిరాల్లోనూ దొరికాయి. చర్మం మీద రంగు తగ్గిన లేదా ఎర్రబారిన మచ్చ, దాని మీద దూదిపోచ ఆడించినా తెలియకపోవడం: ఇది కనిపిస్తే దాచుకోకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో. వైద్యం మొదలయ్యాక ఆ మనిషి వల్ల ఇంట్లోవాళ్లకు అంటుకునే ప్రమాదం త్వరలోనే పోతుంది, కంచం మంచం వేరు చేయాల్సిన పనే లేదు. నరం దెబ్బతినక ముందే మొదలుపెడితే వేళ్లు వంకర పోవు. కుష్టు మచ్చకు కూడా తామర ట్యూబు పూస్తూ ఏడాది గడిపినవాళ్లను చూశాను కాబట్టి ఇంత చెబుతున్నాను.

శిబిరం అంటే ఉచితంగా క్రీములు పంచే చోటు అనుకుని సంచి పట్టుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. మేము ఇచ్చే మందు కొద్దిగానే. చూసి, గీకి పరీక్షించి, అవసరమైనవాళ్లను పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపుతాం. మగవాళ్లు గజ్జల్లో తామర చూపించలేక భార్యను పంపి, "మా ఆయనకు కూడా ఇదేనండీ, మందు రాయండి" అనిపిస్తారు. చూడకుండా రాయను. తెర కట్టిన గది వేరుగా ఉంటుంది, మగ డాక్టరు కూడా ఉంటారు, నేరుగా ఆయన దగ్గరికే వెళ్లవచ్చు. వచ్చే రోజు ఉదయం మచ్చల మీద నూనె, పౌడరు, పసుపు ఏదీ రాయకండి. పౌడరు కింద పొట్టు కనిపించదు, గీకినా సరిగ్గా తేలదు. ట్యూబు ఖాళీ అయినా పారేయకుండా తెండి, మూత లేకపోయినా సరే.