‘స్పెకులాంట్’ అనే తిట్టు

రష్యాలో పెద్ద వయసువారు ఎవరినైనా ‘స్పెకులాంట్’ అని చీదరించుకుంటే, ఆ మాట వెనుక డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. కొన్నదాన్ని లాభానికి తిరిగి అమ్మేవాడని అర్థం. మనకు అది మామూలు కిరాణా కొట్టు వ్యవహారం. సోవియట్ రష్యాలో మాత్రం 1960 నాటి శిక్షాస్మృతి 154వ సెక్షన్ కింద జైలుకు పంపే నేరం.

మరి ప్రభుత్వ దుకాణంలో సరుకు లేకపోతే? తెలిసినవాళ్లను పట్టుకోవాలి. మాంసం కొట్టులో పనిచేసే బంధువు మంచి ముక్క దాచి ఉంచుతాడు. అతని కూతురికి జ్వరమొస్తే డాక్టరైన స్నేహితురాలు క్యూతో పనిలేకుండా చూస్తుంది. దీన్ని ‘బ్లాత్’ అనేవారు. చట్టం లెక్కన ప్రభుత్వ సొత్తు పక్కదారి పట్టినట్టే. చేసేవారికి మాత్రం అది స్నేహధర్మం. వంద రూబుళ్లకన్నా వందమంది స్నేహితులు మేలని వాళ్ల సామెత. ఆ వందమందిలో చోటు లేనివాడి గతేమిటి? నాటి ఆత్మీయతను తలచుకుని నిట్టూర్చేవారు ఈ ప్రశ్న దగ్గర మాట మార్చేస్తారు.

సోవియట్ యూనియన్ కూలిన కొద్దిరోజులకే, 1992 జనవరి 2న చాలా సరుకుల ధరల మీద ప్రభుత్వ అదుపు ఎత్తేశారు. అదే నెల 29న, ఎవరైనా ఎక్కడైనా అమ్ముకోవచ్చని అధ్యక్షుడు ఎల్త్సిన్ ఉత్తర్వు వచ్చింది. మాస్కో కాలిబాటల మీద జనం బారులు తీరారు, ఒకరి చేతిలో ఉన్ని మేజోళ్ల జత, ఇంకొకరి చేతిలో డబ్బా మాంసం. కొందరు ఆ ఉత్తర్వును పత్రికలోంచి కత్తిరించి కోటుకు పిన్నుతో గుచ్చుకున్నారని నాటి సంస్కరణల సారథి గైదార్ చెప్పాడు. పోలీసులకు చూపడానికే కావచ్చు. నాకు మాత్రం అది, ‘నేను స్పెకులాంట్‌ను కాను’ అని ఇరుగుపొరుగుకు ఇచ్చుకున్న సంజాయిషీలా తోస్తుంది.

ఆ ఏడాదే ధరలు పాతిక రెట్లు దాటాయి. బ్యాంకులో దాచుకున్నది కరిగిపోయింది. 1994లో ఎంఎంఎం అనే గొలుసుకట్టు సంస్థ కూలి లక్షలమంది మునిగారు. దాని యజమాని మావ్రోదీ అరెస్టయ్యాడు, అక్టోబరు ఉపఎన్నికలో గెలిచి పార్లమెంటుకూ వెళ్లాడు!

తర్వాత జీతాలు నెలల తరబడి ఆగిపోయాయి. గాజు సామానుకు పేరుపడ్డ గూస్-ఖ్రుస్తాల్నీ పట్టణంలో కార్మికులకు జీతం కింద గాజు పాత్రలే ఇచ్చారు. పుచ్చుకున్నవారు వాటిని పట్టుకుని రైల్వే ప్లాట్‌ఫారాల మీద నిలబడి, ఆగిన రైలు కిటికీల దగ్గర బేరాలాడేవారు.