చెక్కు, చెక్‌డ్యామ్, చెక్స్ చొక్కా: ఒక్క మాట చుట్టూ ఇన్ని అపోహలు

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి. కొత్తవాళ్ల ప్రతులు దిద్దేటప్పుడు నా కలం ఎక్కువసార్లు ఆగేది పెద్ద పెద్ద పారిభాషిక పదాల దగ్గర కాదు, చెక్ అనే చిన్న మాట దగ్గర. బ్యాంకులో చెక్కు, వాగు మీద చెక్‌డ్యామ్, ఊరి బయట చెక్‌పోస్టు, గళ్ల చొక్కా అయితే చెక్స్, రాజకీయ వార్తల్లో "ప్రత్యర్థికి చెక్". ఇక "ఒకసారి చెక్ చెయ్యి" అన్నది ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్క లేదు. ఇంతగా మనదైపోయిన మాట గురించి నేను తరచూ వినే పొరపాటు అభిప్రాయాలు ఇవి.

అపోహ: చెక్కు మన మాటే. శిల్పి రాయిని చెక్కినట్టు, పుస్తకంలోంచి చెక్కి ఇచ్చే కాగితం కాబట్టి ఆ పేరు.

వాస్తవం: వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. శిల్పాన్ని చెక్కడం, బంగాళాదుంపకు చెక్కు తీయడం మన మాటలే. బ్యాంకు చెక్కు మాత్రం ఇంగ్లిష్ నుంచి వచ్చింది. బస్సు, కప్పు, బ్యాంకు అన్నట్టే దాని చివర కూడా ఉకారం చేర్చుకున్నాం. రెండూ ఒకేలా పలకడం యాదృచ్ఛికం.

అపోహ: ఇంగ్లిష్‌లో ఈ చెక్‌లన్నీ వేర్వేరు మాటలు, ఒకేలా వినిపిస్తాయంతే.

వాస్తవం: చెక్ రిపబ్లిక్‌ను పక్కన పెడితే, పైన చెప్పిన చెక్‌లన్నీ ఒకే మాట. (ఆ దేశం పేరు చెక్ ప్రజలు తమను తాము పిలుచుకునే పేరు నుంచి వచ్చింది, దీనితో చుట్టరికం లేదు.) మిగిలినవన్నీ చదరంగం బల్ల మీద పుట్టాయి.

పర్షియాలో ఎదుటివాడి రాజుకు ముప్పు తెచ్చే ఎత్తు వేసినప్పుడు "షాహ్" అని హెచ్చరించేవారు. షాహ్ అంటే రాజు. ఆ కేక ఆటతో పాటు అరబ్బుల దగ్గరికి, అక్కడి నుంచి ఐరోపాకు వెళ్లింది. పాత ఫ్రెంచిలో ఎషెక్ అయి, ఇంగ్లిష్‌లోకి చెక్‌గా దిగింది. ఆ ఫ్రెంచి మాటకు బహువచనమే చెస్. అంటే ఇంగ్లిష్‌వాళ్లు ఆ ఆటను ఇప్పటికీ "చెక్‌లు" అనే పిలుస్తున్నారు. షాహ్‌కు పాత పారశీక రూపం ఏ ధాతువు నుంచి వచ్చిందో, సంస్కృతంలోని క్షత్రం, క్షత్రియ అన్న మాటలూ అక్కడి నుంచే వచ్చాయి. "ఏలడం" అన్నది దాని అర్థం. బీరువాలో ఉన్న చెక్కుబుక్కుకు క్షత్రియుడు దూరపు చుట్టం అని మొదటిసారి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

రాజుకు చెక్ పడితే ఆటగాడు మిగతా ఎత్తుగడలన్నీ ఆపేయాలి. ముందు ఆ ముప్పు తప్పించుకోవాలి. అందుకే బల్ల దాటి బయటికొచ్చిన చెక్‌కు మొదటి అర్థం "ఆపడం". ఆ తర్వాత "అదుపులో పెట్టడం". తప్పు జరగకుండా అదుపు చేయాలంటే ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి కదా, ఆ దారిన పదిహేడో శతాబ్దం చివరికి "సరిచూడడం" అన్న అర్థం వచ్చి చేరింది. మనకు మొదట గుర్తొచ్చే అర్థం నిజానికి ఈ మూడింటిలో ఆలస్యంగా వచ్చినది.

అనువాదకుడి పీకల మీదికి వచ్చేది ఇక్కడే. చెక్ కనబడగానే "తనిఖీ" అని రాసేస్తారు. అమెరికా రాజ్యాంగం గురించిన వ్యాసంలో చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ అని ఉంటే "తనిఖీలు, సమతుల్యతలు" అన్న తర్జుమా నా బల్ల మీదికి ఎన్నోసార్లు వచ్చింది. అక్కడ ఎవరూ ఎవరినీ తనిఖీ చేయడం లేదు. చట్టసభ చేసిన బిల్లును అధ్యక్షుడు వీటోతో ఆపగలడు, ఆ వీటోను చట్టసభ మూడింట రెండొంతుల ఓట్లతో దాటగలదు. ఒకరికొకరు అడ్డుకట్ట. అందుకే నేను "అదుపులు, సమతూకాలు" అని రాస్తాను. అలాగే అన్‌చెక్డ్ పవర్ అంటే తనిఖీ చేయని అధికారం కాదు, అడ్డూ అదుపూ లేని అధికారం. చెక్‌డ్యామ్ వాగును పరీక్షించదు, నీటి ఉరవడిని ఆపి భూమిలోకి ఇంకనిస్తుంది. ఆపడమా, సరిచూడడమా అన్నది తేలాకే కలం కదపాలి. చెక్‌పోస్టు మాత్రం రెండు పనులూ చేస్తుంది: బండిని ఆపుతుంది, కాగితాలు చూస్తుంది.

అపోహ: బ్యాంకు చెక్కుకు బ్రిటిష్ స్పెల్లింగే (cheque) అసలుది, అమెరికావాళ్లు దాన్ని (check అని) పాడుచేశారు.

వాస్తవం: తలకిందులు. అమెరికాలో ఇప్పటికీ వాడుతున్నదే పాత రూపం. మోసం జరగకుండా, పోల్చి చూసుకోవడానికి దగ్గర ఉంచుకునే చీటీని చెక్ అనేవారు. ఆ పేరు క్రమంగా చింపి ఇచ్చే కాగితానికే స్థిరపడింది. చెక్కుబుక్కులో మన దగ్గర మిగిలే కౌంటర్‌ఫాయిల్ చేసే పని అదే. బ్రిటన్‌లో తర్వాత దాని స్పెల్లింగును ఎక్స్‌చెకర్ (రాజుగారి ఖజానా) అన్న మాట పోలికతో మార్చుకున్నారు. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉన్నది ఆ కొత్త రూపమే. అమెరికాలో ఉన్న మనవాళ్లు హోటల్లో బిల్లు అడగడానికి "చెక్" అంటారు, అదీ ఈ చీటీ వంశమే.

ఎక్స్‌చెకర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి రెండు మాటలు. ఆ మాటకు మూలార్థం చదరంగం బల్ల. పన్నెండో శతాబ్దపు ఇంగ్లండులో రాజుగారి లెక్కలు ఒక పెద్ద బల్ల మీద తేల్చేవారు. రెండో హెన్రీ కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ దాని కొలతలు రాసిపెట్టాడు: దాదాపు పదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచు, పైన గీతలున్న నల్లగుడ్డ. ఆ గడుల్లో బిళ్లలు పేర్చి, జరిపి లెక్క కట్టేవారు. అటు లెక్క అప్పజెప్పే షెరీఫు, ఇటు కోశాధికారి ఎదురెదురుగా కూర్చుంటే చూసేవాళ్లకు చదరంగం ఆటలాగే ఉండేది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇవాళ్టికీ చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే అంటారు. గళ్ల బట్టకు చెక్స్ అన్న పేరు కూడా చదరంగం బల్ల మీది గళ్ల నుంచే.

అపోహ: చెక్‌మేట్ అంటే "రాజు చచ్చాడు".

వాస్తవం: దాని మూలం "షాహ్ మాత్". అరబ్బీలో మాత అంటే చనిపోయాడు అని అర్థం ఉండడంతో ఈ కథ పాకింది. పారశీకంలో మాత్ అంటే దిక్కుతోచక నిలిచిపోయినవాడు. ఆట కూడా అదే చెబుతుంది. బల్ల మీద రాజును ఎవరూ చంపరు, కదలడానికి గడి లేకుండా చేస్తారు. హైదరాబాదు ఉర్దూలో ఓడిపోవడాన్ని "మాత్ ఖానా" అంటారు. మన "ఆటకట్టు" ఇంకా చక్కని మాట, దానిలోనూ చావు లేదు.

అపోహ: చదరాల మీద ఆడతాం కాబట్టి చదరంగం.

వాస్తవం: చదరం చతురస్రానికి వికృతి. చదరంగం చతురంగం నుంచి వచ్చింది: ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. నాలుగు అన్న సంఖ్య రెండింటిలోనూ ఉంది గానీ, ఒకటి గడికి నాలుగు మూలలు, ఇంకొకటి సైన్యానికి నాలుగు అంగాలు. చతురంగం పర్షియాలో చత్రంగ్, అరబ్బీలో షత్రంజ్ అయింది. ఇంగ్లిష్‌వాళ్లు రాజు పేరు పట్టుకుంటే, స్పెయిన్, పోర్చుగల్ ఈ పేరునే పట్టుకున్నాయి. పోర్చుగీసులో ఆటనూ షద్రెస్ అంటారు, గళ్ల బట్టనూ షద్రెస్ అంటారు. అక్కడి దుకాణంలో గళ్ల చొక్కా కావాలంటే అడగాల్సింది మన చతురంగాన్నే.